మీ అసహనం మాకు అమూల్యం

మనిషి కనిపెట్టిన వ్యవస్థలన్నింటిలోకీ సంపూర్ణమైనది ఎదురుచూపు. దానికి కరెంటు అక్కర్లేదు, సిబ్బంది అక్కర్లేదు, ఇవ్వాల్సిన వస్తువు కూడా అక్కర్లేదు. ఎదురుచూసేవాడు ఒక్కడుంటే చాలు. రేషన్ షాపులూ బస్టాండులూ రిజిస్ట్రేషన్ ఆఫీసులూ ఈ సత్యాన్ని ఏనాడో గ్రహించాయి. ఆటల కంపెనీలు మాత్రం ఆలస్యంగా గ్రహించాయి. (ఆ ఆలస్యం కూడా వ్యవస్థలో భాగమేనని తర్వాత వివరణ ఇచ్చాయి.)

చిలకలూరిపేటలో హైవే పక్కన మోటారు వైండింగ్ షాపు నడుపుకునే షానవాజ్‌కి ఈ సంగతి ‘సప్తకోట’ వల్ల తెలిసింది. సప్తకోట అనేది ఫోన్లలో ఆడే ఆన్‌లైన్ ఆట. దండుగా కూడి కోటలు పట్టాలి. పేరును బట్టి కోటలు ఏడు. వచ్చినవి ఆరు. కొత్త కోట వచ్చినప్పుడల్లా కంపెనీ దాన్ని ‘విస్తరణ’ అంటుంది. రెండో కోట మొదటిదాని వెనకే వచ్చింది. మూడోది ఒక పత్తి సీజను ఆగి వచ్చింది. ఆరోది వచ్చేసరికి ఆడేవాళ్ళలో కొందరికి పెళ్ళిళ్ళై, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు ఫోన్లు లాక్కునే వయసుకొచ్చారు.

పేటలో ఈ ఆట ఆడేవాళ్ళంతా కలిసి ‘పేట దండు’. షానవాజ్ దానికి సేనాపతి. ఉపసేనాపతి ప్రసన్నకుమార్, స్పిన్నింగ్ మిల్లులో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ఇద్దరూ చిన్నప్పుడు బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు, ఒకే కాపీకి ఇద్దరూ దెబ్బలు తిన్నవాళ్ళు. అధ్యక్షురాలు జాస్మిన్ టీచర్. ఆవిడ ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది. కోట గోడ కూలుతున్నప్పుడు కూడా “ఒకరి తర్వాత ఒకరు!” అని అరిచి క్రమశిక్షణ నిలబెట్టిన చరిత్ర ఆవిడది.

అలాంటి దండు ప్రశాంతంగా ఏడో కోట కోసం ఎదురుచూస్తుండగా కంపెనీ నుంచి ప్రకటన వచ్చింది. “ప్రియమైన వీరులారా! నాణ్యత పట్ల మాకున్న గౌరవం వల్ల ఇకమీదట కోటకీ కోటకీ మధ్య వ్యవధిని పెంచుతున్నాం. ఎంత పెంచామన్నది తగిన వ్యవధి తర్వాత తెలియజేస్తాం.”

ఆదివారం జాస్మిన్ టీచర్ చర్చి నుంచి తిన్నగా టీ హోటల్ మేడ మీదికి వచ్చి అత్యవసర సమావేశం ప్రారంభించింది.

“ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు,” అని షానవాజ్ లేచాడు. “ఆరో కోట పట్టి ఎన్నాళ్ళయింది? మన కత్తులు తుప్పు పట్టిపోతన్నాయి.” (సప్తకోటలో కత్తులు తుప్పు పట్టవు. ఆ సౌకర్యాన్ని ఎనిమిదో కోటలో పరిశీలిస్తామన్నారు.)

“నిదానమే ప్రధానం అన్నది కూడా పెద్దలే,” అన్నాడు ప్రసన్నకుమార్ కూర్చున్నచోటి నుంచే. “మిల్లులో షిఫ్టులు, ఇంట్లో పిల్లలు. నేనింకా ఆరో కోట గోడే ఎక్కలా. వెంటవెంటనే వచ్చి పడితే నాబోటోళ్ళు ఎట్టా ఆడాల? కాస్త లేటయినా బాగా చేసి ఇస్తారు.”

పెద్దలు రెండు మాటలూ అని వెళ్ళిపోయినందువల్ల సభ రెండుగా చీలింది. ఒకటి తొందర వర్గం, రెండోది నిదానం వర్గం. పత్తి కమీషను కొట్టులో గుమాస్తా జక్రయ్య మాత్రం మధ్యేమార్గం సూచించాడు. కోట లేటుగా రావాలి గాని, వచ్చేటప్పుడు తొందరగా రావాలి అన్నాడు. రెండు వర్గాలూ కలిసి అతన్ని మెట్లు దింపాయి. (ఆ రోజు ఏకగ్రీవంగా జరిగిన పని అదొక్కటే.)

టీలు రెండోసారి వచ్చేసరికి వాదం ముదిరింది.

“నీకు గోడెక్కడం చేతగాక, మమ్మల్నందర్నీ గోడ కింద కూకోమంటావేందిరా?” అన్నాడు షానవాజ్.

“నీకెందుకు చేతగాదు! షాపులో పని పక్కన పడేసి ఆడితే ఎవుడికైనా చేతనవుద్ది. నాకు పనుంది రా.”

అందరి ముందూ అన్న మాట. షానవాజ్‌కి గుచ్చుకుంది. అబద్ధమైతే మర్నాటికి మరిచిపోయేవాడు. నిజం కావడంతో మరవడానికి వీల్లేకపోయింది. ఆ సాయంత్రం నుంచి స్నేహితులిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. మిల్లు షిఫ్టు దిగి రోజూ షాపు ముందు బండి ఆపే ప్రసన్నకుమార్, ఇప్పుడు హారన్ కూడా కొట్టకుండా పోతున్నాడు. షానవాజ్ తలెత్తకుండానే ఆ బండి చప్పుడు గుర్తుపట్టి, తలెత్తకుండానే కోపం తెచ్చుకునేవాడు.

దేశమంతటా ఇలాంటి దండులే, ఇలాంటి మేడలే, ఇలాంటి టీలే. గొడవ ఎక్కువైపోవడంతో కంపెనీ తీవ్రంగా స్పందించింది. ఏడో కోట పనిలో ఉన్న సిబ్బందిలో కొందరిని తీసి ‘నిరీక్షణానుభవ విభాగం’ నెలకొల్పింది. ఆ విభాగం ముందుగా, ఆటలో మూసి ఉన్న ఏడో కోట గుమ్మం ఎదుట పొడుగాటి బల్లలు వేయించింది. ఆటగాడు తన వీరుణ్ణి ఆ బల్ల మీద కూర్చోబెట్టుకోవచ్చు. ఎంతసేపు కూర్చుంటే అన్ని ఓర్పు మార్కులు. మధ్యలో లేచి నిలబడితే మొత్తం పోతాయి. వారం తిరక్కుండానే ఆరు కోటల్లోనూ యుద్ధాలు ఆగిపోయాయి. కత్తులూ డాళ్ళూ ఒళ్ళో పెట్టుకుని లక్షలాది వీరులు బల్లల మీద కూర్చున్నారు. ఈ ఆట మొదలయ్యాక ఇంత శాంతి ఎప్పుడూ లేదని విభాగం ఒక నివేదికలో రాసుకుంది.

తర్వాత ప్రాంతాలవారీగా ‘సహన ప్రతినిధుల’ను నియమించారు. విన్నపాలకు జవాబులివ్వడం వీళ్ళ పని. ఎంపిక చాలా శాస్త్రీయంగా జరిగింది. ఏ ప్రాంతంలో ఎవరు ఎక్కువ అరుస్తున్నారో చూసి, వాళ్ళనే నియమించారు.

ఆ విధంగా చిలకలూరిపేట, దాని చుట్టుపక్కల ప్రాంతాల సహన ప్రతినిధి పదవి షానవాజ్‌ని వరించింది. ఆటలో అతని పేరు పక్కన ఇత్తడి తాబేలు బొమ్మ వచ్చింది.

“చూడు,” అని భార్య ఫర్హానాకి ఫోన్ చూపించాడు.

ఆమె పిండి చేతులతో వంగి చూసింది. “తాబేలా?”

“పదవి.”

“తొందరగా కావాలని కొట్లాడినోడివి నువ్వే గదా. నీకెందుకిచ్చారు ఇది?”

దానికి జవాబుగా షానవాజ్ కంపెనీ పంపిన నియమావళి తెరిచాడు. జవాబివ్వకుండా ఎలా ఉండాలో మాత్రమే అందులో ఉంది. అందులో నాలుగో నియమం ప్రకారం ‘ఎప్పుడు’ అన్న మాట వాడకూడదు. ఆటగాడు ‘ఎప్పుడు’ అని అడిగితే ప్రతినిధి దాన్ని ‘ఎంత బాగా’ అని అర్థం చేసుకోవాలి. ఐదో నియమం ప్రకారం ప్రతి జవాబూ ‘మీ అసహనం మాకు అమూల్యం’ అన్న వాక్యంతో మొదలవ్వాలి. ఆరో నియమం వ్యవధి తర్వాత వస్తుంది.

మొదట్లో ఆ జవాబులు పంపేముందు షానవాజ్ ఒకటికి రెండుసార్లు చెరిపేసేవాడు. నాలుగు రోజులు పోయాక చెరపడం మానేశాడు. ఆ తర్వాత అందులో ఒక సుఖం కనిపించింది. ఎవడో ఎక్కడో దాచేపల్లిలోనో పొన్నూరులోనో పళ్ళు నూరుకుంటూ అడుగుతాడు. తను చల్లగా ఒక వాక్యం పంపిస్తాడు. వాడు మళ్ళీ అడుగుతాడు. తను అదే వాక్యం పంపిస్తాడు. ఇంత పెద్ద పనిని ఇంత తేలిగ్గా చేసే ఉద్యోగులు దేశంలో ఇన్ని ఆఫీసుల్లో ఎందుకున్నారో అతనికి మొదటిసారి అర్థమైంది. వాళ్ళ మీద గౌరవం కూడా కలిగింది.

తొందర వర్గం నాయకుడు తాబేలు తగిలించుకోవడం చూసి, అతని మీద కోపంతో ప్రసన్నకుమార్ నిదానం వర్గానికి రాజీనామా చేసి తొందర వర్గంలో చేరాడు. స్నేహితులిద్దరూ అభిప్రాయాలు మార్చేసుకున్నారు. తగాదా మాత్రం మార్చుకోకుండా కాపాడుకున్నారు.

ఇంతలో షాపులో పని జరుగుతున్నదా అంటే, పరిశీలనలో ఉంది. మిరప పూత మీదికొచ్చే రోజులు. చుట్టుపక్కల ఊళ్ళలో మోటార్లు కాలిపోయే రోజులు కూడా అవే. రైతులు ఆటోల్లో, బండ్ల వెనకాలా కట్టుకుని తెచ్చిన మోటార్లు షాపు ముందు వరసగా పేరుకున్నాయి. “ఎప్పుడిస్తావ్?” అని అడిగిన రైతుకి షానవాజ్, “బాగా చేసి ఇస్తా” అనేవాడు. నాలుగో నియమం అంతగా ఒంటబట్టింది. రైతులు ముందు అర్థం కాక వెళ్ళిపోయేవాళ్ళు. అర్థమైనవాళ్ళు మోటారు తీసుకుని నరసరావుపేట పోయేవాళ్ళు.

వాటిలో ఒకటి వీరమ్మ మోటారు. వీరమ్మ ప్రసన్నకుమార్‌కి పెద్దమ్మ, వాళ్ళమ్మకి స్వయానా అక్క. బొప్పూడి దగ్గర వాగు పక్కన చేను కౌలుకి తీసుకుని మిరప వేసింది. వాగులోంచి నీళ్ళు లాగే మోటారు కాలిపోతే, కొడుకు వరసైనవాడి స్నేహితుడు కదా అని పేరు చెప్పి పంపించింది. తగాదా సంగతి ఆవిడకి తెలియదు.

రెండు వారాలు గడిచాయి. ప్రసన్నకుమార్ ఫోన్ చేశాడు. షానవాజ్ ఎత్తలేదు. షాపుకి వెళ్ళి అడగడానికి ప్రసన్నకుమార్‌కి మొహం చెల్లలేదు. షానవాజ్ తప్పకుండా జవాబిచ్చే చోటు లోకంలో ఒక్కటే ఉందని గుర్తొచ్చి, ఆట తెరిచి, సహన ప్రతినిధికి విన్నపం పెట్టుకున్నాడు. “మా పెద్దమ్మ మోటారు ఎప్పుడిస్తారు? చేను ఎండిపోతా ఉంది.”

వెంటనే జవాబొచ్చింది. “మీ అసహనం మాకు అమూల్యం. ఎంత బాగా ఇవ్వాలన్నది పరిశీలనలో ఉంది.”

ప్రసన్నకుమార్ అప్పీలు చేశాడు. నియమం ప్రకారం అప్పీళ్ళన్నీ ఆటగాళ్ళందరికీ కనిపిస్తాయి, నచ్చితే బలపరచవచ్చు. ‘మోటారు ఎప్పుడిస్తారు’ అన్న విన్నపం చూసి దేశంలోని ఆటగాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఏడో కోటలో మోటారు ఉంటుందా! ఉంటే దాంతో ఏం చేయొచ్చు! కందకంలో నీళ్ళు తోడేయొచ్చు! పొద్దు వాలేలోపు వేలమంది బలపరిచారు. మర్నాటికి లక్ష దాటారు. తమకు మోటారు ఇవ్వకపోతే బల్లల మీద నుంచి లేచిపోతామని ఒడిశా దండు హెచ్చరించింది. కంపెనీ దిగివచ్చి, మోటారును ఏడో కోటలో చేర్చే విషయం పరిశీలిస్తున్నామనీ, అందువల్ల వ్యవధి మరికాస్త పెరుగుతుందనీ ప్రకటించింది. ఇంత ఆదరణ పొందిన కోరికను వెలికితీసినందుకు షానవాజ్ తాబేలు ఇత్తడి నుంచి వెండికి మారింది.

అతను ఆ వెండి తాబేలును చూసుకుంటుండగా, షాపు ముందు ఆటో ఆగి వీరమ్మ దిగింది.

“ఏరా షానవాజూ! నా మోటారేదిరా?”

వీరమ్మ గొంతు హైవే అవతలి జిన్నింగు మిల్లు దాకా వినిపిస్తుంది. షానవాజ్ లేచి స్టూలు వేశాడు. “కూచో పెద్దమ్మా. నీ మోటారు పరిశీలనలో ఉంది.”

“ఎవరు పరిశీలించేది? నువ్వా? నువ్వు ఫోన్ గదరా పరిశీలిస్తన్నావ్! అదుగో నా మోటారు, దాని మీద పిల్లి పడుకోనుంది.”

పిల్లి కూడా తలెత్తి చూసింది.

“పని బాగా రావాలంటే కొంచెం వ్యవధి కావాల పెద్దమ్మా,” అన్నాడు షానవాజ్. గొంతు తనదిలా లేదని అతనికే అనిపించింది. “నీ తొందర నాకర్థమవుద్ది...”

“నాకు తొందరేందిరా, నాకేం తొందర? నేను కావాలంటే సంక్రాంతి దాకా ఈడే కూకుంటా. తొందర మిరప చెట్టుకి. నాతో రా. వచ్చి ఆ వ్యవధి సంగతేందో దానికి చెప్పు.”

షానవాజ్ నవ్వబోయాడు. వీరమ్మ నవ్వడం లేదు. చెయ్యి పట్టుకుని ఆటోలోకి లాగింది. పక్క టైర్ల కొట్టువాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. వాళ్ళ ముందు పరువు కోసమైనా ఎక్కి కూర్చోక తప్పలేదు.

చేనులో ఎండ తెల్లగా ఉంది. ఆకులు ముడుచుకుని కిందికి వేలాడుతున్నాయి. సాళ్ళ మధ్య పూత రాలి, నల్లరేగడి మీద అటుకులు చల్లినట్టుంది. పగిలిన బీటలో షానవాజ్ చెప్పు ఇరుక్కుంది.

“చెప్పు,” అంది వీరమ్మ.

“పెద్దమ్మా...”

“నాక్కాదు. చెట్టుకి.”

పక్క చేలో మందు కొడుతున్నవాళ్ళు పని ఆపి గట్టు మీదికొచ్చారు. షానవాజ్ ఒక మొక్క ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఆ నాలుక మీద కొన్ని వారాలుగా ఒక్క వాక్యమే ఆడుతోంది. అది చివరిదాకా వచ్చి ఆగింది. ఆ వాక్యాన్ని ఎదటివాడు మళ్ళీ అడుగుతాడన్న ధైర్యంతో అంటారు. ఈ మొక్క మళ్ళీ అడగదు. ఇంకో నాలుగు రోజులు చూసి పోతుంది, అంతే.

అప్పుడే వాగు వైపు నుంచి బండి చప్పుడు. తలెత్తకుండానే గుర్తుపట్టాడు. ప్రసన్నకుమార్ మిల్లుకి సెలవు పెట్టి, బండికి రెండు వైపులా నీళ్ళ డబ్బాలు కట్టుకుని తెచ్చి, చెంబుతో మొక్క మొక్కకీ పోస్తున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“పాత కాయిళ్ళు పీకావా?” అన్నాడు ప్రసన్నకుమార్.

“లేదు.”

“విప్పావా అసలు?”

“లేదురా.”

ప్రసన్నకుమార్ చెంబు గట్టు మీద పెట్టాడు. “ఎక్కు బండి.”

షాపులో ప్రసన్నకుమార్ పిల్లిని దించి మోటారు విప్పాడు. షానవాజ్ మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టడం మొదలుపెట్టాడు. ఫోన్ బల్ల మీద ఒకటే మోగుతోంది. విన్నపాలు వస్తున్నాయి. ఫర్హానా ఇద్దరికీ భోజనం తెచ్చి, ఆ ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పెడతానని పట్టుకుపోయింది. చేతులు పనిలో పడ్డాక షానవాజ్‌కి తన చేతులు తనకి తిరిగొచ్చినట్టనిపించింది. వార్నిష్ పోసి, ఆరబెట్టి, మర్నాడు మధ్యాహ్నానికల్లా వాగు ఒడ్డున మోటారు బిగించారు. స్విచ్ వేస్తే గొట్టం రెండుసార్లు దగ్గి నీళ్ళు కక్కింది.

వాగు వైపు సాళ్ళు తేరుకున్నాయి. గట్టు వైపు సగం చేను తేరుకోలేదు. వీరమ్మ ఎండిన మొక్కలు పీకి పొయ్యిలోకి పనికొస్తాయని మోపు కడుతుంటే, షానవాజ్ కూడా వంగి కట్టబోయాడు.

“పెద్దమ్మా, తప్పయిపోయింది.”

“అయింది,” అంది వీరమ్మ. మోపు బిగించి నెత్తికెత్తుకుంది. తిట్టి ఉంటే బాగుండునని అతను చాలా రోజులు అనుకున్నాడు.

ఇంటికొచ్చి బియ్యం డబ్బాలోంచి ఫోన్ తీసి సహన ప్రతినిధి పదవికి రాజీనామా పంపాడు. వెంటనే జవాబొచ్చింది. “మీ అసహనం మాకు అమూల్యం. మీ రాజీనామా పరిశీలనలో ఉంది.” పరిశీలన పూర్తయ్యేలోపు అనుభవజ్ఞుడన్న కారణంతో అతని తాబేలును బంగారానికి పెంచారు.

మిరప కోతలు మొదలైన రోజుల్లో కంపెనీ తుది నిర్ణయం వెలువడింది. విస్తరణల మధ్య వ్యవధిపై ఆటగాళ్ళు జరిపిన చర్చను తాము క్షుణ్ణంగా చదివామన్నారు. కొందరు వ్యవధి అసలు ఉండకూడదంటున్నారు, కొందరు ఎంతైనా ఉండాలంటున్నారు, ఇరువర్గాల మనోభావాలనూ గౌరవిస్తూ ఏడో కోటను శాశ్వతంగా రద్దు చేస్తున్నామన్నారు. సప్తకోటలో ‘సప్త’ అన్నది సంఖ్య కాదనీ, ఒక భావన అనీ అదనంగా వివరించారు. బల్లలు మాత్రం యథాతథంగా ఉంటాయి.

పేట దండు మళ్ళీ మేడ మీద సమావేశమైంది. షానవాజ్ గొడవ జరుగుతుందనుకున్నాడు. నిజం చెప్పాలంటే గొడవ జరగాలనే కోరుకున్నాడు.

ముందుగా తొందర వర్గం తరఫున ప్రసన్నకుమార్ లేచాడు. “మనం అడిగిందేంది? ఎదురుచూపు ఉండకూడదని. ఇప్పుడు ఎదురుచూడాల్సిన పనే లేదు. మనం గెలిచాం.” చప్పట్లు మోగాయి. నిదానం వర్గం వెంటనే అభ్యంతరం తెలిపింది. తాము అడిగింది సుదీర్ఘమైన వ్యవధి అనీ, ఇంతకంటే సుదీర్ఘమైనది ఇంకెక్కడా దొరకదనీ, కాబట్టి గెలిచింది తామేననీ వాదించింది. దానికీ చప్పట్లు మోగాయి. జక్రయ్యను కూడా పిలిచి కూర్చోబెట్టుకున్నారు.

“అయితే ఇద్దరూ గెలిచినట్టే,” అని జాస్మిన్ టీచర్ తీర్పు చెప్పింది. “విజయోత్సవం చేద్దాం.”

“ఏందిరా నువ్వు కూడా?” అన్నాడు షానవాజ్, మెట్లు దిగుతూ, ప్రసన్నకుమార్ చెవిలో. “వాళ్ళు మనకి ఏం ఇయ్యలా. ఆ సంగతి నీకు తెల్సు.”

“తెల్సు,” అన్నాడు ప్రసన్నకుమార్. “అయితే ఏం చెయ్యమంటావ్? మళ్ళీ విన్నపం పెట్టనా? ఎవరికి పెట్టాల, నీకేగా?”

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. చాలా కాలానికి కలిసి నవ్వడంతో ఆ నవ్వు ఎందుకొచ్చిందో ఎవరూ ఆలోచించుకోలేదు.

హైవే మీదున్న హోటల్లో నాలుగు బల్లలు కలిపి దండు మొత్తం కూర్చుంది. అందరికీ బిరియానీ చెప్పారు. మంచినీళ్ళు వచ్చాయి. ఉల్లిపాయ ముక్కలు వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. తమ తర్వాత వచ్చిన లారీ డ్రైవర్లు తిని, చేతులు కడుక్కుని, సోంపు నములుతూ వెళ్ళిపోయారు. వాళ్ళ తర్వాత వచ్చిన పెళ్ళివారు కూడా తిని వెళ్ళారు. షానవాజ్ లేచి అడగబోయాడు. చుట్టూ చూశాడు. అందరూ కత్తులు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళలా నిటారుగా, తృప్తిగా కూర్చుని ఉన్నారు. లేస్తే ఏమైనా పోతుందేమోనన్నంత జాగ్రత్తగా ఉన్నారు. అతను కూర్చుండిపోయాడు.

బాగా పొద్దుపోయాక సప్లయర్‌కి గుర్తొచ్చి, పరిగెత్తుకొచ్చి, వంటింట్లో అసలు ఆర్డరే చెప్పలేదని నెత్తి కొట్టుకున్నాడు.

“పర్లేదయ్యా,” అన్నారు రెండు వర్గాలవాళ్ళూ, ఒకే గొంతుతో.

సప్లయర్ నివ్వెరపోయి యజమానిని పిలుచుకొచ్చాడు. యజమాని చేతులు జోడించి అందరినీ పేరుపేరునా పరిచయం చేసుకున్నాడు. ఇన్నేళ్ళ హోటలు వ్యాపారంలో ఇంత మంచి కస్టమర్లను తానెప్పుడూ చూడలేదన్నాడు.